ఆవపిండి ఏ నిర్వచనం కింద వస్తుంది?

బెంగాల్‌లో మా కృష్ణనగర్‌లో కడుపు మంట లేని మనిషి కనిపిస్తే, ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చినవాడై ఉండాలి. పొద్దున్నే ఎదురుపడితే ఇక్కడ "బాగున్నారా" అని అడగరు, "పొట్ట ఎలా ఉంది" అని అడుగుతారు. జవాబు ఒక్క ముక్కలో తేలదు. రాత్రి ఏం తిన్నదీ, అది ఎక్కడిదాకా ఎగదన్నిందీ, ఏ మాత్ర వేస్తే దిగిందీ నిలబడి వినాలి. ఇలాంటి ఊళ్ళో బతుకంతా ఆమ్లం గురించి పాఠం చెప్పిన మనిషికి గౌరవం దక్కిందంటే వింతేమీ లేదు. తన నల్లబల్ల మీది ఆమ్లానికీ తన కడుపులోని ఆమ్లానికీ ఏదో చుట్టరికం ఉందని ఆ మనిషికి ఎన్నడూ తట్టకపోవడమే వింత.

ఆయన పేరు భవతోష్ నంది. మా సందు చివర, జలంగి నది వైపు తిరిగే మలుపులో ఆకుపచ్చ తలుపుల ఇల్లు. రసాయన శాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, కాలేజీ ఉద్యోగాల ఇంటర్వ్యూలకు తిరిగి తిరిగి, చివరికి ఇంటి ముందుగదిలో బెంచీలు వేసుకుని ట్యూషన్ పెట్టాడు. అందుకు ఆయన చిన్నబుచ్చుకున్నదేమీ లేదు. కాలేజీ లెక్చరరుకు జీతం మాత్రమే వస్తుంది, ట్యూషన్ సారుకు సందు మొత్తం చేతికొస్తుంది. ఆయన బజారుకు వెళితే చేపలవాడు నిన్నటి చేపను తనంతట తనే పక్కకు నెట్టి తాజాది తీసేవాడు. వాడి కూతురు సారు బ్యాచ్‌లో ఉండేది. దుర్గాపూజ పందిట్లో ముందువరస కుర్చీ ఆయనది. సెలూన్‌లో సగం గడ్డం గీయించుకున్నవాణ్ణి కూడా లేపి ఆయన్ను కూర్చోబెట్టేవాళ్ళు. "సార్" అన్న ఒక్క పిలుపు మీద ఆయన నిలబడి ఉన్నాడు. ఆ పిలుపు పోతే మిగిలేదేమిటో ఆయనకు బాగా తెలుసు. అది బావమరిది నిమాయ్ మోదక్ మిఠాయి దుకాణంలో గల్లా పక్కనున్న కుర్చీ.

నిమాయ్ ఆ కుర్చీ సంగతి ఎత్తని ఆదివారం లేదు.

"కుర్చీ ఖాళీగానే ఉంది బావా. దూదిదిండు కూడా కుట్టించాను. వచ్చి కూర్చో, చాలు. ఈగల్ని తోలితే ఇంకా సంతోషం."

"నేను సైన్సు చెప్పేవాణ్ణి, నిమాయ్."

"చెప్పు, ఎవరు వద్దన్నారు? అన్నట్టు ఒక్క సందేహం. మా భట్టీ దగ్గర రోజూ పుల్లటి విరుగునీళ్ళు పోసి పాలు విరగ్గొడతాం. నీ ముగ్గురు దొరల్లో ఎవరి పర్మిషన్ తీసుకోవాలంటావ్?"

ముగ్గురు దొరలంటే ఆరీనియస్, బ్రాన్‌స్టెడ్, లూయిస్. నాలుగోవాడు లౌరీ కూడా ఉన్నాడు గానీ, బ్రాన్‌స్టెడ్ చెప్పిందే చెప్పినందుకు మా ఊళ్ళో ఆయన్ను లెక్కలోకి తీసుకోరు.

ఇక్కడ కాస్త పాఠం తప్పదు. నీళ్ళలో కరిగి హైడ్రోజన్ అయాన్లు ఇచ్చేది ఆమ్లం, హైడ్రాక్సిల్ అయాన్లు ఇచ్చేది క్షారం అన్నాడు ఆరీనియస్. బాగానే ఉంది గానీ, నీళ్ళు లేని చోట ఆయనకు నోరు పెగలదు. అమ్మోనియా అచ్చంగా క్షారంలా నడుచుకుంటుంది, దాంట్లో హైడ్రాక్సిల్ ఏదీ అంటే చూపించలేడు. తరవాత బ్రాన్‌స్టెడ్ వచ్చి, నీళ్ళ గొడవ వద్దు, ప్రోటానును ఇచ్చేది ఆమ్లం, పుచ్చుకునేది క్షారం అన్నాడు. అమ్మోనియా గట్టెక్కింది. మరి ఒంట్లో హైడ్రోజనే లేని బోరాన్ ట్రైఫ్లోరైడ్ లాంటివి ఆమ్లం చేసే పని చేస్తుంటే వాటినేమనాలి? లూయిస్ ప్రోటానును కూడా అవతల పెట్టాడు. ఎలక్ట్రాన్ జంటను పుచ్చుకునేది ఆమ్లం, ఇచ్చేది క్షారం అన్నాడు. నిన్నటిదాకా దాతగా ఉన్న ఆమ్లం ఇక్కడ చెయ్యి చాచి నిలబడింది. పదార్థాలు మాత్రం ఏమీ మారలేదు. ఈ రభసంతా జరుగుతున్నప్పుడు కూడా నిమ్మకాయ పుల్లగానే ఉంది.

తెలివైనవాడు దీన్ని చూసి, ఒక గది చాలక గోడ పడగొట్టి పెద్దది చేసుకున్నారు, అది కూడా చాలక మళ్ళీ పెద్దది చేసుకున్నారు అనుకుంటాడు. మా ఊరు అలా అనుకోలేదు. రెండు ఫుట్‌బాల్ క్లబ్బులుంటే ఇంట్లో అన్నదమ్ములు ఎడమొహం పెడమొహంగా అన్నం తినే దేశం మాది. నిర్వచనాలు మూడున్నాయంటే వాటిలో ఒకటి గెలవాలి, మిగతావి ఓడి ఏడవాలి. భవతోష్‌బాబు లూయిస్ పార్టీ. "ఆరీనియస్ పసిపిల్లల కోసం, బ్రాన్‌స్టెడ్ గుమాస్తాల కోసం, లూయిస్ మనుషుల కోసం" అని ఏటా కొత్త బ్యాచ్‌కు మొదటిరోజే చెప్పేవాడు. ఎందుకలాగని ఎవరూ అడగలేదు. సందేహాలు ఆదివారం అడగాలి, ఆదివారం క్లాసు ఉండదు.

ఎదురింటి మేడమీద ప్రణబేశ్ హాల్దార్ ట్యూషన్ పెట్టాక ఈ పార్టీలు ముదిరాయి. ప్రణబేశ్ ఈయన దగ్గరే చదువుకున్నాడు. ముందు బెంచీలో కూర్చుని గురువుగారు గొంతు సవరించుకునే తీరుతో సహా ఎత్తుకెళ్ళాడు. గురువు లూయిస్ అన్నాడు కనక శిష్యుడు బ్రాన్‌స్టెడ్ జెండా ఎత్తాడు. అంతకుమించి సిద్ధాంతమేమీ లేదు. వాడి గదిలో రెండు ఫ్యాన్లు, ఒక మైకు ఉన్నాయి. కరెంటు పోయినా ఆగని దీపం ఉంది. సందులో చెప్పుల గుట్ట మెల్లగా ఈ గుమ్మం నుంచి ఆ గుమ్మానికి జరగసాగింది.

రెండు ట్యూషన్లకూ కలిపి అరుగు ఒక్కటే. పిల్లలు లోపల రాసుకుంటుంటే తల్లులు దానిమీద కూర్చుని స్వెట్టర్లు అల్లేవాళ్ళు. నిజమైన రసాయన శాస్త్ర చర్చ ఏదైనా జరిగిందంటే అక్కడే జరిగింది.

"మీ ప్రణబేశ్ ఇంకా ఆ ప్రోటానునే పట్టుకుని వేలాడుతున్నాడటగా?" అనేది టుకాయి వాళ్ళమ్మ, భవతోష్‌బాబు పక్షం.

"వేలాడితే ఏంటి? నిరుడు మంచి మార్కులు ఎవరి పిల్లలకొచ్చాయో చూశావుగా," అనేది మాంపి వాళ్ళమ్మ, ఎదురు పక్షం.

"అసలు ప్రోటానంటే ఏంటో చెప్పు చూద్దాం."

"నాకెందుకు తల్లీ? పరీక్ష రాసేది నేనా? నీ లూయిస్ ఏం చేస్తాడో నువ్వు చెప్పు."

"జంటనిస్తాడు."

"పుచ్చుకుంటాడు కాబోలు?"

"ఏదో ఒకటి. మా సారు కరెక్టుగానే చెప్పి ఉంటారు."

మా దగ్గర ట్యూషన్ సారు సత్తా పాఠంతో తేలదు, సజెషన్‌తో తేలుతుంది. బోర్డు పరీక్షలకు ముందు ప్రతి సారూ ఈసారి రాబోయే ప్రశ్నలు ఇవీ అని జోస్యం చెప్పి ఒక కాగితం పంచుతాడు. తప్పకుండా వస్తుందనుకున్న దాని పక్కన నక్షత్రాలు పెడతాడు. సారు చెప్పిన ప్రశ్నే పరీక్షలో పడితే దాన్ని కామన్ పడటం అంటారు. పరీక్ష హాలు బయట తల్లులు "బాగా రాశావా" అని అడగరు, "ఎన్ని కామన్?" అని అడుగుతారు. ఆ ఏడాది భవతోష్‌బాబు తన నక్షత్రాలన్నీ ఒకే ప్రశ్న మీద పెట్టేశాడు. ఆమ్ల క్షారాల వివిధ నిర్వచనాలను పోల్చి చూడుము. మిగతా ప్రశ్నలన్నీ ప్రణబేశ్ కాగితంలో కూడా ఉన్నాయి, ఇది లేదు. ఇది పడితే సందు మళ్ళీ ఈయనది. పడకపోతే దూదిదిండు.

భార్య అనిమ సూటిగా అడిగింది. "అది రాకపోతే?"

"వస్తుంది."

"రాకపోతే అన్నయ్యకు ఏం చెప్పను? ఈ నెలలోనే తేల్చమంటున్నాడు. కుర్చీ ఇంకెవరికో ఇచ్చేస్తాడట."

"ఇచ్చుకోమను. నన్ను మిఠాయికొట్టు మనిషిగా ఈ ఊరు చూడలేదు, చూడదు."

"మిఠాయికొట్టు మనిషి కూతుర్నే నేను. చూసే చేసుకున్నావుగా," అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

జవాబు రాయించే రోజు వచ్చింది. ఆయన రాయించడం ఒక పూజలా ఉండేది. కళ్ళు మూసుకుని, చేతులు వెనక కట్టుకుని, బెంచీల మధ్య నడుస్తూ ఒకే రాగంలో చెప్పేవాడు. పిల్లలకు ఒక్కటే ఆజ్ఞ, ఆయన నోట్లోంచి వచ్చింది వచ్చినట్టు కాగితం మీద పడాలి. ఒక కామా తప్పినా ఆ జవాబు ఆయనది కాదు. పరీక్షలో కూడా అలాగే దించాలి, సొంత తెలివి ఇంట్లో పెట్టి రావాలి.

శీతాకాలం మధ్యాహ్నం. ఆరీనియస్ అయిపోయాడు, బ్రాన్‌స్టెడ్ అయిపోయాడు, లూయిస్‌కు పట్టాభిషేకం కూడా అయిపోయింది. ఆయన కళ్ళు మూసుకునే "నిత్యజీవితంలో అనువర్తనం" అని శీర్షిక చెప్పి ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. ఆ ఖాళీలో వంటింట్లోంచి అనిమ గొంతు వచ్చింది. "వింటున్నావా? చేపకి ఆవపిండి ఎంత కలపను?"

భవతోష్‌బాబు అడుగు ఆపలేదు, కళ్ళు తెరవలేదు, రాగం మార్చలేదు. "ఆవపిండి సగానికి సగం తగ్గించవలెను. నిన్న రాత్రి గొంతుదాకా వచ్చినది. నిమ్మకాయ అసలే వద్దు," అన్నాడు. ఇరవయ్యేళ్ళుగా పుస్తకభాషలో రాయించి రాయించి, ఆ రాగంలో ఉన్నప్పుడు పెళ్ళాంతో కూడా ఆయనకు అదే భాష వచ్చేసేది. తరవాత సబ్బుకూ సున్నానికీ వెళ్ళిపోయాడు.

కలాలు ఆగలేదు. ఎందుకాగాలి? శీర్షిక నిత్యజీవితం, విషయం ఆమ్లం. నిన్న రాత్రి గొంతుదాకా వచ్చేది కృష్ణనగర్‌లో ఆమ్లం తప్ప ఇంకేముంటుంది?

ఆ బ్యాచ్‌లో తోర్సా బిశ్వాస్ అని ఒక అమ్మాయి ఉండేది. పోస్టాఫీసులో స్టాంపులమ్మే బిశ్వాస్ గారి కూతురు. సరస్వతీ పూజ అయ్యేదాకా రేగిపళ్ళు తింటే చదువు రాదని మా పిల్లలు వాటివైపు చూడటానికి కూడా భయపడతారు. ఈ పిల్ల పూజకు వారం ముందే ఉప్పు అద్దుకుని తింటూ క్లాసుకు వచ్చేది. నోరు కూడా ఆ పండులాంటిదే. పూజ అయిన మర్నాడు, ఆదివారం కాకపోయినా, లేచి నిలబడింది.

"సార్, ఆవపిండి ఏ నిర్వచనం కింద వస్తుంది?"

"ఏంటీ?"

"ఆవపిండి సార్. సగానికి సగం తగ్గించవలెను అన్నారు కదా. ఆరీనియస్ కిందా, లూయిస్ కిందా?"

బెంచీల మీద ఎవరూ నవ్వలేదు. అందరూ కలాలు తెరిచి సారు జవాబు కోసం ఎదురుచూశారు. భవతోష్‌బాబు ఆ వరసను చూసి ఉంటే అప్పుడే సంగతి తెలిసిపోయేది. ఆయన చూడలేదు. తను ఆ మాట అన్నట్టు ఆయనకు గుర్తే లేదు. తన కడుపు మీద సందులో నడిచే జోకులు మాత్రం బాగా గుర్తున్నాయి. మొహం ఎర్రబడింది.

"నా ఒంట్లో బాగాలేకపోవడం నీకు ఎగతాళిగా ఉందా?"

"అయ్యో, కాదు సార్. రాసుకున్నాం కాబట్టి అడుగుతున్నా."

"నేను చెప్పనిది రాసుకోవడం, పైగా నన్నే అడగడం! ఎదురింట్లో మైకు ఉంది. వెళ్ళి దాంట్లో అడుగు. మళ్ళీ ఈ గుమ్మం ఎక్కకు."

తోర్సా చెప్పులు వెతుక్కుని ఎదురుమేడ ఎక్కింది. అక్కడ ప్రణబేశ్‌ను ఇంకో సందేహం అడిగింది. ప్రోటానే లేని చోట మీ ఆమ్లం ఏం ఇస్తుంది సార్ అని. "సిలబస్ బయటిది," అని మైకులో చెప్పాడు ప్రణబేశ్. వారం తిరక్కుండా ఆ మెట్లు కూడా దిగేసి, పుస్తకాలు వేసుకుని ఇంట్లో కూర్చుంది. అరుగు మీద తల్లులు జాలిపడ్డారు. పూజకు ముందు రేగిపళ్ళు తిన్న పిల్ల ఇంకేమవుతుంది?

పరీక్ష రోజున హాలు గేటు తెరుచుకోకముందే లోపలినుంచి కేక వినిపించింది. "కామన్!" ఆ ప్రశ్నే, ఆ మాటలతోనే పడింది. టుకాయి పరిగెత్తుకొచ్చి వాళ్ళమ్మను వాటేసుకుని, "అక్షరం పొల్లుపోకుండా దించేశానమ్మా. సారు దగ్గినచోట నాకూ దగ్గొచ్చింది," అన్నాడు. సాయంత్రానికి భవతోష్‌బాబు గుమ్మంలో చెప్పులు మెట్ల కిందిదాకా పడ్డాయి. ఎవరో రజనీగంధ దండ వేశారు. ఎదురుమేడ మీద ప్రణబేశ్ కిటికీ రెక్క ఒకటి మూసుకుంది, తరవాత రెండోదీ మూసుకుంది. నిమాయ్ స్వయంగా సర్‌పూరియా మిఠాయి కుండ పట్టుకుని వచ్చాడు.

"ఓడిపోయాను బావా. దిండు మా వంటమేస్త్రీకి ఇచ్చేస్తా."

"ఇచ్చెయ్యి," అన్నాడు భవతోష్‌బాబు దండ తియ్యకుండానే. ఆ రాత్రి నాలుగు సర్‌పూరియాలు తిన్నాడు. అవి ఎక్కడిదాకా వచ్చి ఆగాయో చెప్పనక్కరలేదు.

ఫలితాలు వచ్చాక కొంచెం గుసగుస మొదలైంది. భవతోష్‌బాబు బ్యాచ్ మొత్తానికి కెమిస్ట్రీలో మార్కులు అనుకున్నదానికన్నా తక్కువ, అందరికీ ఇంచుమించు ఒకే లెక్కన తగ్గాయి. ఎందుకో తెలియలేదు. తరవాత ఒకరోజు టుకాయి మేనమామ సియాల్దా లోకల్ రైల్లో కిటికీ పక్క కూర్చుని వస్తుంటే, ఎదురుసీట్లో ఎవరో పేపర్లు దిద్దిన మేష్టారు పెట్టె మొత్తానికి వినిపించేలా చెబుతున్నాడు.

"వింటున్నారా దాదా? వరసగా పేపర్లన్నిట్లో ఆమ్లానికి మూడు నిర్వచనాలూ బ్రహ్మాండంగా రాశారు. ఆ వెంటనే ఆవపిండి సగానికి సగం తగ్గించవలెనట! నిన్న రాత్రి గొంతుదాకా వచ్చినదట! ఒకడు రాస్తే కడుపునొప్పి అనుకుంటాం. ఊరు ఊరంతా రాస్తే ఏమనుకోవాలి? ఆ ప్రశ్నకు సగం మార్కులు కోసేశాను. మా ఆవిడకి చెబితే, ఆవపిండి విషయం మాత్రం నిజమే అంది."

పెట్టె అంతా నవ్వింది. మరమరాల జాల్‌ముడి అమ్మేవాడు నవ్వు ఆగక పొట్లం కట్టడం మరిచిపోయాడు. మేనమామ మాత్రం నవ్వలేదు. కృష్ణనగర్‌లో దిగి నేరుగా అక్క ఇంటికి వెళ్ళాడు.

మర్నాడు అరుగు ఖాళీ. తల్లులంతా ముందుగదిలో, పిల్లల బెంచీల మీద కూర్చుని ఉన్నారు. వాళ్ళ చేతుల్లో పిల్లల ట్యూషన్ నోట్సులు ఉన్నాయి. అన్నిట్లోనూ ఆవపిండి ఉంది, ఒకే చోట, ఒకే వాక్యంలో. నిమాయ్ కూడా వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. ఆయన చేతిలో దిండు లేదు గానీ మొహంలో ఉంది.

"ఇది మీరు చెప్పిందేనా సార్?" అంది టుకాయి వాళ్ళమ్మ.

భవతోష్‌బాబు చదివాడు. మళ్ళీ చదివాడు. కళ్ళు తెరిచి తన మాటలు తాను చూసుకోవడం ఆయనకు అదే మొదలు. మెల్లగా ఆ మధ్యాహ్నం గుర్తొచ్చింది, చేప గుర్తొచ్చింది, తోర్సా గుర్తొచ్చింది. వంటింటి గుమ్మంలో అనిమ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అంత తగ్గించమని చెప్పినవాడివి, ఆరోజు నాలుగు ముక్కలు తిన్నావుగా!" అంది ఆవిడ, ఇక ఆపుకోలేక.

"నువ్వు లోపలికెళ్ళు," అన్నాడు. తరవాత తల్లుల వైపు తిరిగాడు. బహుశా ఆ బెంచీల ముందు మొదటిసారి ఆయన సారులా కాక మామూలు మనిషిలా మాట్లాడాడు. "అమ్మా, నాదే పొరపాటు. మీరు పిల్లల్ని ఎక్కడికి పంపినా నేనేమీ అనుకోను. నిమాయ్, ఆ దిండు మేస్త్రీకి ఇచ్చేశావా?"

నిమాయ్ నోరు తెరిచాడు. కానీ అతనికంటే ముందు టుకాయి వాళ్ళమ్మ గొంతు లేచింది.

"ఆగండి సార్, మీరెందుకు కంగారు పడతారు? ఒక్కటి చెప్పండి. ప్రశ్న కామన్ పడిందా లేదా?"

"పడింది."

"ఎదురింటాయనకు పడిందా?"

"లేదు."

"మరింకేంటి? సార్ చెప్పిందే బోర్డు అడిగింది. ఆవపిండి రాయమని బోర్డు అడిగిందా? మన వెధవలే రాశారు. బుర్ర ఉండక్కర్లేదూ?"

"మా టుబ్లూకి ఆ లైను బట్టీ రాక వదిలేశాడు, వాడికి రెండు మార్కులు ఎక్కువే వచ్చాయి," అంది ఇంకో ఆవిడ గర్వంగా. "చూశారా, బుర్ర ఉన్నవాడు ఎలా గట్టెక్కాడో!"

"మార్కులు కోసిన ఆ మేష్టారికి కడుపు మంట ఎప్పుడూ లేదేమో!"

తలుపు దగ్గర ఇంకో తల కనిపించింది. ప్రణబేశ్ పక్షపు మాంపి వాళ్ళమ్మ. "సార్, మా చిన్నదానికి వచ్చే ఏడాది సీటు ఉంటుందా? అక్కడ ఒక్కటీ కామన్ రాలేదండీ," అంది గొంతు తగ్గించి.

భవతోష్‌బాబు ఆ మొహాలన్నీ చూశాడు. ఒక్క నిమిషం కింద ఆయన మామూలు మనిషిగా మాట్లాడాడు, ఆ మనిషి వీళ్ళెవరికీ అక్కర్లేదు. ఆయన మెల్లగా చేతులు వెనక్కి కట్టుకున్నాడు. కళ్ళు వాటంతట అవే మూతపడ్డాయి. "సీట్లు పరిమితము," అన్నాడు. నిమాయ్ ఉసూరుమని దుకాణానికి వెళ్ళిపోయాడు.

ప్రజలు మోసపోతారని మేధావులు వాపోతుంటారు. మా సందు మోసపోలేదు. అక్కడ అమ్మింది జోస్యం, కొన్నదీ జోస్యమే, సరుకు సరిగ్గానే చేతికందింది. ఆమ్లమంటే ఏమిటో తెలుసుకోవడం ఆ బేరంలో ఎప్పుడూ లేదు.

ఇక తోర్సా. ఏ ట్యూషనూ లేకుండా ఆ పిల్లకు కెమిస్ట్రీలో జిల్లాలో మొదటి మార్కు వచ్చింది. రేగిపళ్ళ శాపం పనిచేయలేదు కాబట్టి అరుగు దాన్ని అదృష్టం ఖాతాలో వేసుకుంది. వారం తిరక్కుండా సందు మొదట్లో దీపస్తంభం మీద ఒక పోస్టరు వెలిసింది. పైన భవతోష్ నంది పేరు, కింద రెండు జడల తోర్సా ఫోటో, 'మా విద్యార్థిని'. అదే స్తంభానికి అటువైపు ఇంకో పోస్టరు. పైన ప్రణబేశ్ హాల్దార్ పేరు, కింద అవే జడలు, 'మా విద్యార్థిని'. రెండు పార్టీలకూ ఒక్క విషయంలో ఏకాభిప్రాయం కుదరడం అదే మొదటిసారి.

కొత్త బ్యాచ్ మొదలైన రోజు సాయంత్రం తోర్సా ఆకుపచ్చ తలుపు తోసుకుని వచ్చింది. చేతిలో చింపుకొచ్చిన పోస్టరు. బెంచీలు కిక్కిరిసి ఉన్నాయి. భవతోష్‌బాబు 'ఆరీనియస్ పసిపిల్లల కోసం' దగ్గర ఉన్నాడు.

"ఇదేంటి సార్? మళ్ళీ గుమ్మం ఎక్కొద్దన్నారు. స్తంభం ఎక్కించారేంటి?"

"నువ్వు ఇక్కడ చదవలేదంటావా?"

"చదివాను. ఆవపిండి దాకా."

ఆయన గొంతు సవరించుకున్నాడు. పిల్లల ముందు ఓడిపోకూడదు. కానీ తెలుసుకోవాలని కూడా ఉంది. అదే ఆయనలో మిగిలిన కాస్త ఎమ్మెస్సీ. గొంతు తగ్గించి అడిగాడు.

"ఆ ప్రశ్నకి నువ్వేం రాశావు? లూయిసే గొప్ప అని రాయలేదా?"

"ఎవరు గొప్పో ప్రశ్నలో అడగలేదు సార్, పోల్చమన్నారు. వాళ్ళు ముగ్గురూ కొట్టుకోలేదని రాశాను. బ్రాన్‌స్టెడ్ గారి క్షారం ప్రోటానుని పట్టుకునేది దేంతో? తన దగ్గరున్న ఎలక్ట్రాన్ జంటతోనే కదా. ఒకాయన ప్రోటాను వైపు నుంచి చూశాడు, ఇంకొకాయన జంట వైపు నుంచి చూశాడు. జరిగేది ఒకటే పని. నీళ్ళ గ్లాసు ముందుంటే ఆరీనియస్ చాలు, ఆయన్ను తక్కువ చెయ్యక్కర్లేదు. కొట్టుకునేది మన సందులోనే."

భవతోష్‌బాబు కళ్ళలో ఏదో కదిలింది. ఎప్పుడో కాలేజీలో, ఎవరూ కామన్ అడగని కాలంలో, ఈ మాట ఆయనకూ తెలుసు. ఏదో అనబోయాడు.

అప్పుడు వెనక సరసరమని చప్పుడైంది. తిరిగి చూశాడు. కొత్త పిల్లలంతా తలలు వంచి రాసుకుంటున్నారు. ముందు బెంచీ పిల్లవాడి కాగితం మీద 'స్తంభం ఎక్కించారేంటి' అప్పటికే పూర్తయి, 'కొట్టుకునేది మన సందులోనే' దగ్గర కలం పరిగెడుతోంది.

"ఇది రాయకండి!" అన్నాడు భవతోష్‌బాబు.

కలాలన్నీ ఆ మాట కూడా రాసుకున్నాయి.

తోర్సా పకపకా నవ్వింది. ఆయన నవ్వలేదు. ఆ పిల్లవైపు ఒకసారి చూశాడు, కిక్కిరిసిన బెంచీల వైపు ఒకసారి చూశాడు, కిటికీలోంచి సందు చివర నిమాయ్ దుకాణం దీపం వైపు ఒకసారి చూశాడు. గొంతుదాకా ఏదో వచ్చింది, దాన్ని మింగాడు.

"వెళ్ళమ్మా," అన్నాడు మెల్లగా. "వెళ్ళేటప్పుడు తలుపు వేసి వెళ్ళు."

ఆ రెండు వాక్యాలు కూడా కాగితాల మీదికి ఎక్కే చప్పుడు వింటూ, ఆయన చేతులు వెనక కట్టుకుని, కళ్ళు మూసుకుని, ఆరీనియస్ దగ్గర మళ్ళీ మొదలుపెట్టాడు.